నకలు, నకిలీ

తెలుగువారు నిత్యం వాడే అసలు, నకలు, నకిలీ అనే మూడు మాటలూ అరబీ మూలం గలవే. అస్ల్ అంటే మూలం. నఖ్ల్ అంటే ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చడం, చూచి వ్రాసుకోవడం. నకిలీ కూడా ఈ రెండవ ధాతువు నుండే పుట్టినప్పటికీ, మోసాన్ని సూచించే మాటగా స్థిరపడింది. గోదావరి డెల్టా రైతుకు ఈ తేడాను ఎవరూ బోధించనక్కరలేదు. రిజిస్ట్రారు కచేరీలో రుసుము చెల్లించి దస్తావేజుకు నకలు తీసుకున్నవాడు తన పొలాన్ని రెండింతలు చేసుకున్నాడని ఎవరూ అనరు. నకిలీ దస్తావేజు పుట్టించినవాని మాట వేరు.

డబ్బు చెల్లించి కొన్న డిజిటల్ గ్రంథానికి, పారాయణ రికార్డుకు, కంప్యూటర్ ప్రోగ్రాముకు కొన్నవాడు భద్రత కోసం మరొక ప్రతి చేసుకోవచ్చునా అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం ఈ తేడా మసకబారింది. చట్టకర్తలే కాదు, ఉలమా కూడా కొంతవరకు ఇందుకు బాధ్యులు.

ముందుగా చట్టాన్ని పరిశీలిద్దాం. 1957 నాటి భారత కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్ ఏది ఉల్లంఘన కాదో చెబుతుంది. కంప్యూటర్ ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా పొందినవాడు అది పోకుండా, చెడకుండా కాపుదల ప్రతి తీసుకోవచ్చునని 1994 సవరణ అందులో చేర్చింది. అయితే ఆ ప్రతి కేవలం తాత్కాలిక రక్షణగా ఉండాలట. తాత్కాలికమన్న ఈ మాట ఎందుకు పడిందో అర్థం కాదు. నష్టభయం తాత్కాలికమైతే రక్షణ కూడా తాత్కాలికం కావచ్చు. 1986 ఆగస్టు వరదనూ, 1996 నవంబరు 6 నాటి తుపానునూ చూచిన కోనసీమలో ఆ భయం ఎన్నడు తీరుతుంది? ఇక గ్రంథాలు, ధ్వనిముద్రణలు, చలనచిత్రాల విషయానికి వస్తే, సొంత వినియోగం కోసం చేసే న్యాయమైన వాడకాన్ని 2012 సవరణ వీటన్నిటికీ వర్తింపజేసింది. కాపుదల ప్రతి ఆ మాట కిందకు వస్తుందనే చెప్పవచ్చు. కాని ప్రోగ్రాముకు స్పష్టంగా ఇచ్చిన హక్కును గ్రంథానికి మాత్రం పాఠకుడు ఊహించుకోవలసి వస్తోంది.

గ్రంథాలయాలకు ఇచ్చిన మినహాయింపు మరీ విచిత్రం. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తనవద్ద డిజిటల్ కాని ప్రతి ఉన్న గ్రంథాన్ని పరిరక్షణార్థం డిజిటల్ రూపంలో భద్రపరచుకోవచ్చునని 2012 సవరణే చెబుతోంది. ఆ లెక్కన రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం తన తాళపత్రాలకు, శిథిలమైన ముద్రిత గ్రంథాలకు నిశ్చింతగా ప్రతులు తీయవచ్చు. అదే గ్రంథాలయం డిజిటల్ రూపంలోనే పుట్టిన పుస్తకాన్ని కొంటే ఈ నిబంధన దాన్ని ఆదుకోదు. కాగితపు ప్రతి ఎన్నడూ లేదు కదా! తాటాకుకు ఉన్న రక్షణ తెరకు లేకపోయింది.

ఈ విషయంలో తెలుగు గ్రంథాలకు కలిగిన అనుభవం గమనార్హం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట ఈ శతాబ్దారంభంలో ప్రారంభమైన ప్రభుత్వ పథకం కింద వేలాది పాత తెలుగు పుస్తకాలకు ఛాయాప్రతులు తీశారు. 2017 ప్రాంతంలో ఆ భాండాగారం పాఠకులకు అందకుండా పోయింది. అప్పటికే అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ ఆ ప్రతులకు మళ్ళీ ప్రతులు తీసి ఉంచుకోవడం చేతనే నేడు వాటిలో అధిక భాగం చదువుకోగలుగుతున్నాం. అందులో కాపీరైటు గడువు తీరని పుస్తకాలు కూడా ఉన్నాయన్న అభ్యంతరం సబబైనదే. దాన్ని అంగీకరించిన తరువాత కూడా, నకలు లేకపోయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

తాళం సంగతి వేరు. విక్రేతలు డిజిటల్ గ్రంథానికి సాంకేతికమైన తాళం బిగించి ఇస్తారు. ఉల్లంఘించే ఉద్దేశంతో ఆ తాళాన్ని పగులగొట్టినవానికి రెండేండ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చునని 65ఏ సెక్షన్ అంటోంది. చట్టం నిషేధించని పనికోసం తెరిస్తే నేరం కాదనీ అదే సెక్షన్ అంటోంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని తెరవడానికి సాయపడినవాడు ఎవరికోసం, ఎందుకు తెరిచాడో పేరూ చిరునామాలతో సహా దస్త్రం ఉంచాలి. అమలాపురంలో చిన్న కంప్యూటరు దుకాణం నడిపేవాడు ఈ షరతు వింటే ఆ పని ముట్టుకుంటాడా? హక్కు ఇచ్చి తాళంచెవి ఇవ్వకపోవడం అంటే ఇదే.

పైగా తాళానికి గడువు తెలియదు. పిఠాపురానికి చెందిన కవి ఉమర్ ఆలీషా 1945లో మరణించారు. రచయిత మరణానంతరం అరవై సంవత్సరాలన్న లెక్క ప్రకారం, ఆయన జీవితకాలంలో వెలువడిన రచనలు 2006 జనవరి 1 నుండి అందరి సొత్తు. ఆ కావ్యాలను రేపెవరైనా తాళం వేసి అమ్మితే, చట్టంలో తీరిపోయిన గడువు తాళంలో తీరదు.

ఇక ఫిఖ్హ్ సంగతి. గ్రంథకర్త హక్కు అమ్మదగిన ఆస్తి అవుతుందా అన్నదానిపై ఉపఖండపు ఉలమాలో భిన్నాభిప్రాయాలు ఉండినవి. ముఫ్తీ ముహమ్మద్ షఫీ దాన్ని అంగీకరించలేదు. ఆయన కుమారుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ అంగీకరించినవారి పక్షాన నిలిచారు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తన 43వ తీర్మానంలో గ్రంథరచన, ఆవిష్కరణ హక్కులకు ఆర్థిక విలువ ఉన్నదనీ, వాటిపై దురాక్రమణ తగదనీ నిర్ణయించింది. రచయిత శ్రమకు గౌరవం దక్కింది. ఇందులో తప్పుపట్టవలసింది లేదు. కాని ఆ తీర్మానం అంతా హక్కుదారుని గురించే మాట్లాడింది. కొన్నవాడు అందులో ఎక్కడా కనిపించడు. దురాక్రమణ ఏదో చెప్పకపోవడంతో, తరువాతి ముఫ్తీలలో కొందరు ప్రతి చేయడాన్నే దురాక్రమణగా ఎంచారు. కొన్నవాడు తన వాడకానికి తీసుకునే ప్రతి, ఉచితంగా మిత్రునికి ఇచ్చే ప్రతి రచయిత హక్కుపై దాడి కాజాలవని తఖీ ఉస్మానీ వ్రాశారు. మిత్రుని విషయంలో ఆయన మరీ ఉదారంగా పోయారేమో. పాఠకులందరూ మిత్రులైతే పుస్తకం ఎవరు కొంటారు? మొదటి విషయంలో మాత్రం ఆయన నకలుకూ నకిలీకీ మధ్య గీత సరైన చోటనే గీశారు.

యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థులు పలువురు నేలకొరిగినప్పుడు దైవగ్రంథాన్ని ఒకచోట సంకలనం చేయించడానికి హజ్రత్ అబూబక్ర్ (ర) సిద్ధపడింది నష్టభయం చేతనే. దైవవాణికీ కొనుగోలు సరుకుకూ పోలిక తేరాదు. కాబట్టి దీన్ని తీర్పుగా ఎవరూ వాడరాదు.

అసలు చిక్కు బేరంలో ఉంది. తెరపై మీట మీద "కొనండి" అని ఉంటుంది. లోపల ఆంగ్లంలో, పేజీల కొద్దీ షరతుల్లో, ఇది విక్రయం కాదు, అనుమతి మాత్రమే అని ఉంటుంది. ఒప్పందాలలో పదాలకన్న భావమే ప్రమాణమన్నది ఫిఖ్హ్‌లో సుప్రసిద్ధ సూత్రం. వెల ఒకేసారి పుచ్చుకుని, గడువు చెప్పకుండా ఇచ్చినదాన్ని సామాన్యుడు బై (విక్రయం) అనే అనుకుంటాడు. ఇజారా (అద్దె) అయితే కాలం తెలియజెప్పాలి. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసివేసి పాఠకుల అలమరల నుండి గ్రంథాలను తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది నిజమే. కాని బేరం రద్దు కావడానికి, అంటే ఇఖాలాకు, ఇరువురి సమ్మతి కావాలి. ఇక్కడ ఒకరే అమ్మారు, ఒకరే రద్దు చేశారు. 2025 ఫిబ్రవరి 26 నుండి అమెజాన్ కూడా కొన్న కిండిల్ గ్రంథాలను కంప్యూటరులోకి దించుకుని దాచుకునే మార్గాన్ని మూసివేసింది.

కాపుదల ప్రతికి ఫుఖహా పెట్టవలసిన షరతులు కష్టమైనవేమీ కావు. అసలును మరొకరికి ఇస్తే నకలును కూడా వదులుకోవాలి. ఒకే వేళ ఇద్దరు వాడుకోరాదు. నకలును అమ్మరాదు. వీటిని పాటించేవాని వల్ల రచయితకు ఒక్క పైసా నష్టం లేదు. అద్దెకిస్తున్న విక్రేతలు మాత్రం "కొనండి" అన్న మాటను మీట మీద నుండి తీసివేసి, ఎంతకాలానికి ఇస్తున్నారో కొనేవాని భాషలో అక్కడే వ్రాయవలసి ఉంటుంది.