మేకులవంటి పర్వతాలు - బుకాయ్ వ్యాఖ్యానం

నెల్లూరు తీరాన పులికాట్ సరస్సు, శ్రీహరికోట ఇసుకమేటలు భూచరిత్రలో నిన్నమొన్నటివి. వాటికి పడమటి దిక్కున, అభ్రకపు గనులుగల గూడూరు ప్రాంతపు శిలలు మిక్కిలి పురాతనమైనవి. భూమి వయస్సు దాదాపు 454 కోట్ల సంవత్సరాలు. ఉల్కలలోని సీసాన్ని పరీక్షించి 1956లో క్లేర్ ప్యాటర్సన్ దీనికి అతి సమీపమైన లెక్క తేల్చాడు.

ఈ శాస్త్రాన్ని దివ్య ఖుర్ఆన్‌తో సమన్వయపరచిన గ్రంథాలలో, ఫ్రెంచి వైద్యుడు మోరిస్ బుకాయ్ 1976లో వెలువరించిన 'బైబిలు, ఖుర్ఆన్, సైన్సు' సుప్రసిద్ధం. 'యౌమ్' అంటే సుదీర్ఘకాలమనే అర్థం కూడా ఉందని ఆయన చూపడం సమంజసమే. సూరె హజ్‌లో ఒక దినం వెయ్యేండ్లతోనూ, సూరె మఆరిజ్‌లో యాభై వేల ఏండ్లతోనూ సరిపోల్చబడింది. ఇది భాషాప్రమాణం, ఏ సిద్ధాంతం మారినా చెక్కుచెదరదు.

పర్వతాలను మేకులతో పోల్చిన ఆయతు విషయం వేరు. భూపొరల ముడతలే పర్వతాల స్థిరత్వానికి హేతువని బుకాయ్ వ్యాఖ్యానం. కాని ముడతలు భూఫలకాల తాకిడికి, అంటే చలనానికి గుర్తులు. నెల్లూరు శిలామేఖలలో సుమారు 185 కోట్ల ఏండ్లనాటి సముద్రగర్భపు అవశేషాలున్నాయని 2010లో భూగర్భ శాస్త్రజ్ఞులు పేర్కొన్నారు. ఒకనాటి కడలి అడుగు నేడు మెట్ట!

వ్యాఖ్యానం సవరణకు గురైతే, దానితో ముడిపడిన విద్యార్థి విశ్వాసం సడలే ప్రమాదముంది. సూరె నబా ప్రధాన విషయం ప్రళయానంతర పునరుత్థానం. పర్వతాలు, నిద్ర, వర్షం అక్కడ సృష్టికర్త శక్తికి నిదర్శనాలు. ఆ సందర్భాన్ని విడిచి పాఠ్యపుస్తకపు వాక్యంగా చదవడమే ఈ గ్రంథంలోని లోపం. ఆయతులో లోపం లేదు.