అలసటకు హద్దు చూపే చేతి పట్టీ

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో ఉండేది నిద్రపోతే తీరే అలసట కాదు. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అని కూడా పిలిచే ఈ జబ్బుకు అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో నిర్ధారణ ప్రమాణాలు ఇచ్చింది. వాటి ప్రకారం తీవ్రమైన అలసటతో పనిచేసే శక్తి బాగా తగ్గి, ఆరు నెలలు దాటాలి. నిద్ర లేచినా తేరుకోనట్టు ఉండాలి. శ్రమ తర్వాత జబ్బు ముదరాలి. వీటికి తోడు ఆలోచన మందగించడమో, నిలబడితే లక్షణాలు పెరగడమో ఉండాలి. కోవిడ్ నుంచి నెలల తరబడి కోలుకోనివారిలో కొందరికి ఈ ప్రమాణాలు సరిపోతున్నాయి.

వీటిలో కీలకమైనది శ్రమ తర్వాత ముదరడం. రోగులు దీన్ని క్రాష్ అంటారు. తరచుగా ఇది 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా మొదలై రోజులు, ఒక్కోసారి వారాలు ఉంటుంది. సోమవారం కాస్త ఓపిక ఉందని ఇల్లు సర్దుకున్న మనిషి బుధవారం మంచం దిగలేకపోవచ్చు. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉంటే జ్ఞాపకం ఒక్కదానితో లంకె దొరకదు. గుండె వేగాన్నీ అడుగులనూ కొలిచే చేతి పట్టీ రాసిపెట్టే లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది.

ఈ జబ్బుకు ఒకప్పుడు వ్యాయామాన్ని అంచెలంచెలుగా పెంచుతూ పోవడమే చికిత్సగా సూచించేవారు. 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన పేస్ ట్రయల్ దాన్ని సమర్థించింది. ఆ అధ్యయన పద్ధతుల మీద రోగులూ పరిశోధకులూ గట్టి అభ్యంతరాలు తెలిపారు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021 అక్టోబరులో ఆ వ్యాయామ చికిత్స వద్దని, ఉన్న శక్తికి లోబడి పనులు సర్దుకోవాలని చెప్పింది. రోగులు పేసింగ్ అనేది ఈ సర్దుబాటునే.

ఈ సర్దుబాటుకు పట్టీ కొలతలు తోడ్పడతాయి. పట్టీ అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతి, చర్మం కింద రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి గుండె వేగాన్ని లెక్కిస్తుంది. కదలికను గుర్తించే సెన్సర్ అడుగులను లెక్కిస్తుంది. నిలబడి వంట చేయడం, చేతులెత్తి తల రుద్దుకోవడం అడుగుల లెక్కకు అందవు. గుండె వేగంలో కనిపిస్తాయి. అందుకే ఈ జబ్బులో దానికే ప్రాధాన్యం.

శ్రమ ఒక హద్దు దాటితే కండరాలకు ఆక్సిజన్‌తో తయారయ్యే శక్తి చాలదు, లాక్టేట్ పోగుపడుతుంది. వరుసగా రెండు రోజులు చేసిన సైకిల్ పరీక్షల్లో చాలామంది రోగులు రెండో రోజు మరింత తక్కువ శ్రమకే ఆ హద్దు చేరారు. అయితే ఆ పరీక్షే క్రాష్ తెప్పించవచ్చు. అందుకని ఆ హద్దును గుండె వేగంలో అంచనా వేసే తేలికపాటి లెక్కలు వాడుకలోకి వచ్చాయి. 220లోంచి వయసు తీసేసి 0.6తో హెచ్చించడం ఒకటి. 40 ఏళ్ల వ్యక్తికి అది నిమిషానికి 108. వర్క్‌వెల్ ఫౌండేషన్ అనే సంస్థ సూచించే లెక్కలో హద్దు సాధారణంగా ఇంకా కిందే ఉంటుంది: వారం రోజుల విశ్రాంతి వేగం సగటుకు 15 కలపాలి. సగటు 70 అయితే హద్దు 85.

ఆ అంకెకు పట్టీలో అలారం పెట్టుకోవాలి. మోగగానే చేతిలో పని ఆపి, వేగం దిగేదాకా కూర్చోవాలి లేదా పడుకోవాలి. స్టూలు మీద కూర్చుని కూరలు తరగడం, స్నానానికీ వంటకూ మధ్య విరామం ఇవ్వడం వంటి మార్పులతో అలారం మోగడం తగ్గుతుంది. రోజూ లక్షణాలను కూడా రాసుకుంటే, ఏ పని తర్వాత ఎన్ని గంటలకు క్రాష్ వచ్చిందో రెండు మూడు వారాల్లో తెలియసాగుతుంది.

ఈ కొలతలకు పరిమితులున్నాయి. చదవడం, మాట్లాడటం, మనసు కలత పడటం కూడా శ్రమే. అవి గుండె వేగంలో పెద్దగా కనిపించకపోవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి పై లెక్కలు సరిపోవు. నిలబడగానే గుండె వేగం బాగా పెరిగేవారికి హద్దును డాక్టరుతో కలిసి నిర్ణయించుకోవాలి. పట్టీ వదులైతే అంకెలు తప్పుతాయి. అది జబ్బును నిర్ధారించదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటివి లేవని ముందు పరీక్షలతో తేల్చుకోవాలి.

పట్టీల్లో తరచుగా కనిపించే రోజుకు 10,000 అడుగుల లక్ష్యం 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. ఈ రోగులకు అది హానికరం. లేచి నడవమని తొందరపెట్టే సందేశాలను పట్టీలో ముందుగానే ఆపేయాలి. ఓపిక ఉన్న రోజున కూడా హద్దులోనే ఉండటం పేసింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమనుకోకుండా పనులు పంచుకుంటే, ఆ హద్దును నిలబెట్టుకోవడం రోగికి సాధ్యమవుతుంది.