పెద్దపేగు పుండ్ల వ్యాధికి చికిత్స: 1955 నాటి నివేదికపై ఒక విమర్శ

వైద్యశాస్త్రంలో కొన్ని నివేదికలు పాఠ్యగ్రంథాలవలె పదేపదే చదువదగినవి. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు సిడ్నీ ట్రూలవ్, లెస్లీ విట్స్ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసం అటువంటిది. అల్సరేటివ్ కొలైటిస్ అనే వ్యాధిలో కార్టిజోన్ ఎంతవరకు పనిచేస్తుందన్నది దాని విషయం. అది వైద్యులకోసం వ్రాసినదే ఐనా, హైస్కూలులో సైన్సు చెప్పే ఉపాధ్యాయులు దానినుండి గ్రహించవలసినది చాలా ఉన్నది. అందులోని గుణాలను, కొరతలను పరిశీలించటమే ఇక్కడ మన ఉద్దేశం.

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. పెద్దపేగు లోపలివైపు మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఈ వ్యాధిలో ఆ పొర వాచి, ఎర్రబడి, పుండ్లు పడుతుంది. సాధారణంగా ఈ వాపు పురీషనాళం వద్ద మొదలై, ఎడతెగకుండా పైకి ప్రాకుతుంది. రోగికి నెత్తురు, జిగటతో విరేచనాలు అవుతాయి. కడుపునొప్పి, నీరసం, రక్తహీనత కలుగుతాయి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే అదుపు తప్పి పేగును బాధిస్తున్నదని శాస్త్రజ్ఞులు గ్రహించారు. అది ఎందుకు అదుపు తప్పుతున్నదో ఇంకా పూర్తిగా తేలలేదు. వ్యాధి కొన్నాళ్ళు విజృంభిస్తుంది, కొన్నాళ్ళు అణగి ఉంటుంది. ఈ చివరి లక్షణాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. చికిత్స విలువ కట్టటంలో చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

దానంతట అది అణగే వ్యాధిలో ఏ మందు ఇచ్చినా కొందరికి తగ్గుతుంది. ఆ పేరు మందుకు దక్కుతుంది. ట్రూలవ్, విట్స్ ఈ పొరపాటుకు తావివ్వలేదు. 210 మంది రోగులను, చీట్లు తీసినట్లుగా, ఎవరి ఇష్టాయిష్టాలతోను పని లేకుండా రెండు వర్గాలు చేశారు. 109 మందికి కార్టిజోన్ ఇచ్చారు. 101 మందికి మందులేని బిళ్ళలు ఇచ్చారు. ఆరు వారాల తరువాత మొదటి వర్గంలో 45 మందికి, అంటే నూటికి 41.3 వంతున, వ్యాధి అణగింది. రెండవ వర్గంలో 16 మందికి, అంటే నూటికి 15.8 వంతున, అణగింది.

ఈ రెండవ అంకెను విద్యార్థులు తేలికగా దాటిపోరాదు. పోలిక కోసం రెండవ వర్గమే లేకపోతే ఆ 15.8 కూడ కార్టిజోన్ ఖాతాలోనే పడి ఉండేది. తీసివేతలో మిగిలేది 25.5. అంటే నలుగురికి మందు ఇస్తే, దాని మూలంగా అదనంగా బాగుపడినవారు సుమారు ఒకరు. ఇది చిన్న ఫలితం కాదు. తీవ్రమైన దాడిలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకొనే రోజులవి. ఐనను నూటికి 58 మందికి పైగా కార్టిజోన్ తీసుకొని కూడ పూర్తి ఉపశమనం పొందలేదన్న సంగతిని నివేదిక దాచలేదు. మొదటిసారి జబ్బుపడినవారికి పనిచేసినంత బాగా, వ్యాధి తిరగబెట్టినవారికి మందు పనిచేయలేదని కూడ అందులో ఉన్నది. మంచి నివేదికకు ఇది గుర్తు.

మరొక గుణం, తీవ్రతకు వారు పెట్టిన కొలత. రోజుకు ఆరు లేక అంతకు మించి నెత్తుటి విరేచనాలు, జ్వరం, నిమిషానికి 90కి మించిన నాడి, రక్తహీనత, 30 మిల్లీమీటర్లకు మించిన ఇ.ఎస్.ఆర్. వీటిని తెలుసుకోటానికి ఒక థర్మామీటరు, ఒక గడియారం, కాస్త రక్తం, రోగి చెప్పే మాట చాలు. ఖరీదైన పరికరాలు వచ్చిన ఈనాడు కూడ స్వల్పమైన మార్పులతో వైద్యులు ఈ కొలతనే వాడుతున్నారు.

ఇక కొరతలు. వీటిలో పెద్దది కాలపరిమితి. ఆరు వారాల్లో దాడి అణగిందా అన్న ప్రశ్నకు ఆ ప్రయోగం సమాధానం చెప్పగలదు; అణగిన వ్యాధి అణగి ఉంటుందా అన్న ప్రశ్నకు చెప్పలేదు. రోగికి రెండవదే జీవితకాలపు ప్రశ్న. మా కళాశాలలో ఈ వ్యాధి ఉన్న విద్యార్థి ఒకడు, “నెత్తురు ఆగిపోయిందికదండీ, ఇంకా బిళ్ళలు ఎందుకు?” అని నన్ను అడిగాడు. నేను సమాధానం వెదికేలోగానే మందు మానివేశాడు. మూడు నెలలు తిరక్కుండానే వ్యాధి మళ్ళీ వచ్చి అతని పరీక్షలు పోయాయి. ఆరు వారాల లెక్కను ఆరేళ్ళకు అన్వయించుకోవటమే అతడు చేసిన తప్పు. చదువుకున్న పెద్దలు కూడ ఈ తప్పు చేస్తూనే ఉన్నారు.

ఈ రెండవ ప్రశ్నకు 1965లో లాన్సెట్ పత్రికలో వచ్చిన రెండు ప్రయోగాలు సమాధానమిచ్చాయి. కార్టిజోన్ జాతికే చెందిన ప్రెడ్నిసోన్ వ్యాధి తిరగబెట్టకుండా ఆపలేదని ఒకటి తేల్చింది. దాడిని అణచటంలో అంత బలంలేని సల్ఫాసలజీన్ ఆ పనిని చక్కగా చేస్తుందని రెండవది చూపింది. మంటను ఆర్పే నీరు వేరు, నిప్పు రాజుకోకుండా చూసే కాపలా వేరు. పైగా స్టెరాయిడ్లను దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది, అంటురోగాలు సులభంగా సోకుతాయి.

సల్ఫాసలజీన్ కథ రసాయనశాస్త్ర ఉపాధ్యాయులకు మంచి ఉదాహరణ. స్వీడన్ దేశపు వైద్యురాలు నాన్నా స్వార్ట్జ్ కీళ్ళవాతానికి తగిన మందు కావాలని దీనిని రూపొందింపజేశారు. ఇందులో సల్ఫాపిరిడిన్, 5-అమైనో సాలిసిలిక్ ఆమ్లం ఒక అజో బంధంతో కలిసి ఉంటాయి. పెద్దపేగులోని బాక్టీరియా ఆ బంధాన్ని విడగొడతాయి. రెండింటిలో పనిచేసేది ఏది? బంగ్లాదేశ్ వైద్యుడు ఆజాద్ ఖాన్, ట్రూలవ్ మొదలైనవారితో కలిసి 1977లో రెండింటినీ వేరువేరుగా ఎనిమాల ద్వారా ఇచ్చి చూశారు. సాలిసిలిక్ భాగమే పనిచేస్తున్నదని తేలింది. నేడు మెసలమైన్ పేరుతో రోగులు వాడుతున్నది దీనినే.

పోలిక లేనిదే విలువ కట్టరాదన్న పద్ధతి తరువాతి మందులకూ వర్తించింది. 2005లో ప్రకటించిన ఏక్ట్-1 ప్రయోగంలో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను మామూలు మోతాదులో తీసుకున్నవారిలో ఎనిమిదవ వారానికి నూటికి 69 మందికి గుణం కనిపించింది. మందు లేనివారిలో 37 మందికి కనిపించింది. మన వంటింటి పసుపునుండి తీసిన కర్కుమిన్ విషయమూ ఇంతే. 2006లో జపాన్‌లో జరిగిన ప్రయోగంలో అది తీసుకున్న 43 మందిలో ఇద్దరికి, తీసుకోని 39 మందిలో ఎనిమిది మందికి ఆరు నెలల్లో వ్యాధి తిరగబెట్టింది. కాని ఆ రోగులందరూ సల్ఫాసలజీన్‌నో మెసలమైన్‌నో వాడుతూనే ఉన్నారు. దీనిని చూపి మందు మానమనటం ప్రయోగాన్ని తలక్రిందులుగా చదవటమే.

ఆక్స్‌ఫర్డ్ ఫలితాలను మన ప్రాంతానికి తెచ్చుకొనేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. మనవద్ద నెత్తుటి విరేచనాలకు అమీబా కారణం కావచ్చు. పేగు క్షయను కూడ తోసిపుచ్చలేము. అమీబా ఉన్న పేగుకు స్టెరాయిడ్ ఇస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. కనుక మలపరీక్ష చేయించకుండా, గొట్టంతో పేగును చూడకుండా, అంగడిలో బిళ్ళలు కొని మ్రింగరాదు. ఇక మందులు ఓడినచోట శస్త్రచికిత్స ఉన్నది. పెద్దపేగును తొలగించి, చిన్నపేగుతోనే లోపల సంచి కట్టే పద్ధతిని 1978లో లండన్‌లో పార్క్స్, నికల్స్ ప్రకటించారు. దానిని ఓటమిగా భావించి ఆలస్యం చేయటం ప్రమాదకరం.

కాబట్టి ఏ చికిత్సను గూర్చి చదివినా విద్యార్థులచేత మూడు ప్రశ్నలు వేయించండి. దేనితో పోల్చారు? ఎన్నాళ్ళు చూశారు? ఎటువంటి రోగులను చూశారు? 1955 నాటి ఆ నివేదిక మొదటి ప్రశ్నకు ఘనంగా సమాధానం చెప్పింది, మూడవదానికి నిజాయితీగా చెప్పింది. రెండవదాన్ని ఇతరులకు వదిలింది. దానిని అడగవలసింది మాత్రం చదివే మనమే.