ఎండాకాలం పడవ పని

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు మా వైపు పిల్లలకు కూడా నోటికొచ్చు. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు ఎక్కాయి, 2022 జులైలో 71 దాటాయి. తూరుబాక దగ్గర చర్ల రోడ్డు మునిగితే అవతలి ఊళ్ల గర్భిణిని ఇవతలికి తేవడానికి చాలాసార్లు ముందు కదిలేది చేపలవాళ్ల నాటు పడవే.

వరద రోజున చేయి వేయడానికి కుర్రాళ్లు బాగానే వస్తారు. మే నెలలో రేవు ఖాళీ. నా దృష్టిలో అసలు సేవ మే నెలదే. ఇసుకలో పడవ బోర్లించి, పాత తారు గీకి, పలకల సందుల్లో దూది కుక్కి, మళ్లీ తారు పూయాలి. తాడు పేట పేటా తడిమి చూడాలి. లైఫ్ జాకెట్ల పట్టీలు బలంగా లాగి పరీక్షించాలి. ఎండ మాడుస్తుంది, చేతులకంటిన తారు ఓ పట్టాన వదలదు, అయినా ఆ పని నాకెంతో ఇష్టం. పని చేస్తుంటేనే మా రేవులో పడవ నడిపే తాత నోరు విప్పుతాడు: "నీటితో పోట్లాడకు బాబూ. ముక్కు ఎగువకి ఏటవాలుగా పెట్టు, అదే దాటిస్తది." జనాన్ని నడిమధ్యన కిందికి కూర్చోబెట్టాలనీ, ఒడ్డు కనబడగానే లేవనివ్వకూడదనీ, అడవి నుంచి కొట్టుకొచ్చే దుంగల మీద ఒకడు కన్నేసి ఉంచాలనీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పడవ నడిపే ఒడుపు ఏ కాగితం మీదా లేదు.

ఈ ఏటి మీద పడవల ముచ్చట పాతదే. పక్కనే దుమ్ముగూడెంలో కాటన్ దొర కాలపు ఆనకట్ట ఉంది. గోదావరి మీదుగా మధ్య భారతం దాకా సరుకు పడవలు నడపాలని కాలువ, లాకులు కట్టడం మొదలుపెట్టి 1871లో ఆ ప్రయత్నం మానుకున్నారు. ఇక్కడ అది అంతటితో ఆగింది కానీ, ఇంగ్లండులో రైళ్ల దెబ్బకు మూలపడ్డ కాలువలను ఎన్నోచోట్ల వాలంటీర్లే పూడిక తీసి బతికించారు. ఏడడుగుల వెడల్పు పడవల్లో బడిపిల్లలనూ వికలాంగులనూ తిప్పే సేవాసంఘాలు అక్కడున్నాయి. చుక్కాని పట్టేవారికి ముందు శిక్షణ ఇస్తాయి.

మనకూ అలా ముందే శిక్షణ ఇచ్చే పద్ధతి కావాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు ముందుగా చేరుకున్నవి ఊళ్ల పడవలే. ఏటి ఒడ్డు పంచాయతీలు జూన్ రాకముందే తారుకు, తాళ్లకు, జాకెట్లకు డబ్బు కేటాయించాలి. తాతలకు కూలి కట్టిచ్చి, కుర్రాళ్లకు నాలుగు రోజులు తెడ్డు వేయడం నేర్పించాలి.