ఏడుపు పాటకు చిందు తాళం

పాటల్నీ బొమ్మల్నీ కలిపి చూపే మ్యూజియం ప్రదర్శనల్లో తరచూ జరిగేది ఒకటుంది. పాట ఎక్కడో వెనకాల సన్నగా మోగుతుంటుంది, జనం బొమ్మలు చూసుకుంటూ ముందుకు వెళ్లిపోతారు. పాటా బొమ్మా ఒకే పద్ధతిలో పుట్టినప్పుడు అలా జరగనివ్వకూడదు. సోవియట్ స్వరకర్త ద్మిత్రి షొస్తకోవిచ్ కట్టిన ‘యూదు జానపద కవిత్వం నుంచి’ పాటలూ, లెనిన్‌గ్రాడ్ చిత్రకారుడు అనతోలి కప్లాన్ రాతి అచ్చులూ అలాంటి జోడీ.

1947లో మాస్కోలో యూదు జానపద గేయాల సంపుటి ఒకటి రష్యన్ అనువాదంలో వచ్చింది. ఏడాది తిరిగేసరికి గాలి మారింది. 1948 జనవరిలో యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) రంగస్థల మహానటుడు సొలొమోన్ మిఖోయెల్స్‌ను ప్రభుత్వమే మిన్‌స్క్‌లో చంపించి, లారీ ప్రమాదమని నమ్మించింది. ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ తీర్మానం షొస్తకోవిచ్‌పై ‘రూపవాది’ (జనానికి అందని రూపం మీదే మోజున్నవాడు) అని ముద్ర వేసింది. ఆ ఏడే ఆయన ఆ సంపుటిలోంచి 11 పాటలు ఎంచుకుని సొప్రానో, కాంట్రాల్టో, టెనర్ గొంతులకూ పియానోకూ బాణీలు కట్టారు. ఆ వాతావరణంలో వాటిని అందరి ముందు పాడటానికి 1955 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. ఆ సాయంత్రం లెనిన్‌గ్రాడ్‌లో పియానో వాయించింది ఆయనే.

మొదటి 8 పాటల్లో పోయిన పసిబిడ్డ, సైబీరియాలో సంకెళ్ల మధ్య ఉన్న తండ్రి, కూతురు వదిలేసిన ముసలివాడు, ఆకలి, చలి. చివరి 3 పాటల్లో సోవియట్ సుఖజీవనం. ఆఖరి పాటలో ఒక తల్లి తన కొడుకులు డాక్టర్లయ్యారని పొంగిపోతుంది. ఆ తర్వాత 1953లో డాక్టర్ల మీద, ముఖ్యంగా యూదు డాక్టర్ల మీద, కుట్ర కేసు బనాయించారు. 1955లో విన్నవాళ్లకు ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

ఈ పాటల పనితనం ఏడో పాటలో బాగా తెలుస్తుంది. మాటలు లేమి గురించి, నడక మాత్రం చిందు నడక. పెళ్లి మేళంలో లాగా పియానో తాళం తొక్కుతూనే ఉంటుంది. యూదు జానపద బాణీల్లో ఎక్కువగా వినిపించే ఒక స్వరవరుస మన వకుళాభరణ రాగ స్వరాలకు సరిగ్గా సరిపోతుంది; శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి వేసే ఆ పెద్ద అంగలోని ఆర్తి కర్ణాటక సంగీతం విన్న చెవికి కొత్తది కాదు. షొస్తకోవిచ్ ఇలాంటి బాణీల నుంచి నేర్చుకున్నది దుఃఖాన్నీ ఉల్లాసాన్నీ విడదీయకపోవడం.

కప్లాన్ ఇదే పనిని రాయి మీద చేశారు. 1902లో బెలారుస్‌లోని రొగచోవ్‌లో పుట్టి, 1930ల చివర లెనిన్‌గ్రాడ్‌లో లితోగ్రఫీ నేర్చుకున్నారు. ఈ రాతి అచ్చు పద్ధతిలో నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో గీస్తారు. రాతికి జిగురు, ఆమ్లం పట్టించి తడిపితే, గీత ఉన్నచోటే సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. కప్లాన్ గీసి ఊరుకోలేదు. నలుపు పరిచి, దాన్ని గోకి గోకి వెలుగు తీశారు. అందుకే ఆయన ఇళ్లూ మేకలూ ముసలివాళ్లూ వెండి బూడిదరంగు పొగలోంచి పైకి వచ్చినట్టు ఉంటాయి. చుట్టూ పూలూ పిట్టలూ నిండిన అంచు, అందులో యిడ్డిష్ అక్షరాలు. లోపల పేదరికం, చుట్టూ పండుగ: ఏడో పాట కట్టుబడి కూడా ఇదే.

ఆ అక్షరాలను దగ్గరగా చూడాలి. అచ్చులో బొమ్మ తిరగబడుతుంది. కుడి నుంచి ఎడమకు చదివే యిడ్డిష్‌ను నేరుగా రాతి మీద రాయాలంటే ఎడమ నుంచి కుడికి, అద్దంలోలా రాయాలి. ప్రతి అక్షరం వెనక అంత ఓపిక ఉంది.

ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టడంలో విలువ ఇక్కడే. షొస్తకోవిచ్ పాట రష్యన్‌లో వినిపిస్తుంది, మూలభాష యిడ్డిష్ చెవికి అందదు. కప్లాన్ అంచుల్లో ఆ భాష కంటికి కనిపిస్తుంది. ఆ భాష మాట్లాడిన ఊళ్లను నాజీలు చంపేశారు, మిగిలిన రచయితల్లో కొందరు ప్రముఖులను 1952లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చిచంపింది. పాట దాచలేకపోయినదాన్ని బొమ్మ దాచింది. బొమ్మ ఇవ్వలేని గొంతును పాట ఇచ్చింది.

కాబట్టి ఇలాంటి ప్రదర్శన పెట్టేవాళ్లు పాటను నేపథ్యానికి నెట్టకూడదు. 11 పాటలూ కలిపి సుమారు 25 నిమిషాలు. గోడకు బొమ్మలు, ఎదురుగా కూర్చోవడానికి బల్లలు, చేతికి పాటల అర్థం రాసిన కాగితం ఇస్తే చాలు, మిగతా పని ఆ రెండు కళలూ చేసుకుంటాయి.