స్లెడ్జ్ ఆపిన చోట కోవిక్

అమెరికన్ మెరీన్లు రాసుకున్న యుద్ధ జ్ఞాపకాల మాటొస్తే రెండు పుస్తకాల పేర్లు తప్పకుండా వినబడతాయి. యూజీన్ స్లెడ్జ్ 'విత్ ది ఓల్డ్ బ్రీడ్' ఒకటి, రాన్ కోవిక్ 'బార్న్ ఆన్ ది ఫోర్త్ ఆఫ్ జులై' మరొకటి. మొదటిది పసిఫిక్ దీవుల్లో జపాన్‌తో పోరు, రెండోది వియత్నాం. ఒకటి న్యాయమైన యుద్ధం, రెండోది అన్యాయమైన యుద్ధం, అందుకే ఒకరు నిబ్బరంగా, మరొకరు మండిపడుతూ రాశారని చెప్పి ఊరుకోవడం రివాజు. ఈ లెక్క నాకు మింగుడుపడదు. స్లెడ్జ్ పెలెలియు దీవి అధ్యాయాలు చదువుతున్నంతసేపూ న్యాయం, అన్యాయం అన్న మాటలు గుర్తుకే రావు. ఇద్దరినీ వేరు చేసింది యుద్ధం కన్నా ఎక్కువగా ఇంటికి తిరిగి రావడమే.

స్లెడ్జ్ అలబామాలోని మొబీల్ పట్టణంలో ఒక డాక్టరుగారి అబ్బాయి. ఆఫీసరు చదువుకు పంపిస్తే, ఈ చదువు తెమిలేలోపు యుద్ధం అయిపోతుందేమోనని కావాలనే పరీక్షలు తప్పి మామూలు సిపాయిగా చేరాడు. ఒకటో మెరీన్ డివిజన్‌లో, ఐదో రెజిమెంటు 'కె' కంపెనీలో, 60 మిల్లీమీటర్ల మోర్టారు దగ్గర పని. 1944 సెప్టెంబరు 15న పెలెలియులో దిగాడు. మూడు నాలుగు రోజుల్లో తేలిపోతుందని డివిజన్ అధిపతి రూపర్టస్ చెప్పిన ఆ పోరు రెండు నెలలు దాటింది. ఎండకి నాలుక పిడచగట్టుకుపోతుంటే తాగడానికి వచ్చినవి సరిగ్గా కడగని నూనె పీపాల్లో నింపిన తుప్పు నీళ్లు. తర్వాత 1945లో ఒకినావా. డైరీలు రాయకూడదన్న నిషేధం ఉంది. అతను మాత్రం జేబులోని చిన్న బైబిలు ప్రతిలో ముక్కలు ముక్కలుగా రాసి దాచుకున్నాడు.

ఆ దాపరికం వల్లనే ఆ పుస్తకానికి అంత పదును. ఒకచోట జపాన్ మెషిన్‌గన్నర్ శవం కూర్చున్నట్టే ఉంటుంది. పుర్రె పైభాగం ఎగిరిపోయింది, లోపల వాన నీళ్లు చేరాయి. పక్కన కూర్చున్న మెరీన్ ఒకడు ఊసుపోక పగడపు రాళ్లు ఏరి అందులోకి విసురుతుంటాడు. పసివాడి ఆటలో ఎంత ద్వేషం ఉంటుందో అందులోనూ అంతే. స్లెడ్జ్ దీన్ని ఖండించడు, కన్నీరు పెట్టడు, చూసింది చూసినట్టు చెప్పి ముందుకు పోతాడు. ఇంకోచోట శవాల నోళ్ల నుంచి బంగారు పళ్లు పెకలించే పని తనూ మొదలుపెట్టబోతాడు. కంపెనీలోని వైద్య సిబ్బందిలో ఒకతను ఆపి, క్రిములుంటాయి, జబ్బు చేస్తుందని భయపెడతాడు. తనలో మిగిలిన కాస్త మనిషితనాన్ని కాపాడటానికే అతను ఆ సాకు చెప్పాడని స్లెడ్జ్‌కి తర్వాత గానీ తట్టదు. తనను తాను మినహాయించుకోకపోవడం ఈ రచయిత గొప్పతనం. లోపమూ ఉంది: పుస్తకం మొత్తంలో జపాన్ సైనికుడికి ఒక ముఖం అంటూ లేదు. తనకు వాళ్ల మీద ద్వేషం ఉండేదని స్లెడ్జ్ దాచడు. అంతటితో ఆగిపోతాడు, అంతే.

ఆగిపోవడం అతనికి అలవాటే. యుద్ధం ముగియగానే పుస్తకం కూడా ముగుస్తుంది. ఒకినావా తర్వాత అతని దళాన్ని కొన్ని నెలలు చైనాలో ఉంచారు. 1946లో సైన్యం నుంచి విడుదలై ఇల్లు చేరాడు. ఈ కథ 'చైనా మెరీన్' అనే మరో పుస్తకానికి వాయిదా పడింది. అది అచ్చయింది 2002లో, రచయిత పోయిన మరుసటి ఏడాది. యుద్ధానికి ముందు వేటంటే ప్రాణం పెట్టే ఈ మనిషి, తండ్రితో గువ్వల వేటకు వెళ్లి అక్కడే ఏడ్చేశాడు. నీకిక వేట అక్కర్లేదులే అన్నాడు తండ్రి. కాలేజీలో చేరబోతే గుమాస్తా ఒకామె, మెరీన్లలో పనికొచ్చేదేమైనా నేర్పారా అని అడిగింది. చంపడమూ ప్రాణాలు నిలుపుకోవడమూ నేర్పారన్నది అతని జవాబు సారాంశం. ఇంతకు మించి ఇంటి బాధ అతను పెద్దగా చెప్పుకోలేదు. మాజీ సైనికుల చదువుకు 1944 చట్టం డబ్బిచ్చింది. జీవశాస్త్రం చదివాడు, డాక్టరేటు తెచ్చుకున్నాడు, మాంటెవాలోలో పాఠాలు చెప్పుకున్నాడు. కాలూ చేయీ సవ్యంగా ఉన్నాయి, కొలువుంది, పక్కన భార్య ఉంది. యుద్ధాన్ని సొరుగులో పెట్టి తాళం వేయగల స్థితి అది. ఆ సొరుగు తెరుచుకుని పుస్తకమయ్యేసరికి 35 ఏళ్లు గడిచాయి.

స్లెడ్జ్ ఇల్లు చేరిన 1946లోనే, జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు రాన్ కోవిక్ పుట్టాడు. న్యూయార్క్ పక్కన మాసపీక్వాలో పెరిగాడు. తండ్రి సూపర్‌మార్కెట్ ఉద్యోగి. శనివారాలు సినిమా హాల్లో గడిచేవి. జాన్ వేన్ నటించిన పసిఫిక్ యుద్ధ చిత్రం 'శాండ్స్ ఆఫ్ ఐవో జిమా' చూసి ఒళ్లు పులకరించిపోయిందని కోవిక్ రాసుకున్నాడు. 1964లో హైస్కూలు అవగానే మెరీన్లలో చేరాడు. ఇక్కడ నాకు స్లెడ్జ్ మీద కాస్త కోపం వస్తుంది. న్యాయమైన కోపం కాదని తెలిసినా వస్తుంది. పసిఫిక్ అంటే ఏమిటో తెలిసిన ఒక మనిషి కాగితాలు దాచుకున్న ఆ ఏళ్లలో, పసిఫిక్ గురించి మాట్లాడింది జాన్ వేన్. ఆ నటుడు ఒక్కరోజు సైన్యంలో పనిచేసినవాడు కాదు. 1957లో రాబర్ట్ లెకీ పసిఫిక్ జ్ఞాపకాలు వచ్చాయి, నిజమే. కానీ పదకొండేళ్ల కుర్రాడు పుస్తకాల కొట్టుకు పోతాడా, సినిమాకు పోతాడా?

1968 జనవరి 20న, రెండోసారి కోరి వియత్నాం వెళ్లిన కోవిక్‌కు మొదట పాదంలో, తర్వాత భుజంలో తూటా దిగింది. రెండోది వెన్నుపామును దెబ్బతీసింది. రొమ్ము కింది నుంచి శరీరం పోయింది. పుస్తకం ఆ క్షణంలోనే మొదలవుతుంది, వెంటనే ఆసుపత్రికి, ఆపైన బాల్యానికి వెళుతుంది. స్లెడ్జ్ లాగా వరసగా చెప్పడం ఇతని వల్ల కాదు. 'నేను' అని రాస్తూ ఉన్నట్టుండి 'అతను' అంటాడు. శైలి కోసం చేసిన గమ్మత్తుగా కొందరికి అనిపించవచ్చు. నాకైతే కదలని కాళ్లను చూసుకునే మనిషికి అది సహజంగా వచ్చిన వ్యాకరణమే అనిపిస్తుంది.

బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రి పుటలకు సాటి వచ్చేవి స్లెడ్జ్‌లో లేవు. అక్కడ ఎలుకలు. పొద్దున్నే ఎనిమా గదిలో రోగులను స్ట్రెచర్ల మీద వరసగా పడుకోబెడతారు. చాలినంత మంది నర్సులు లేరు. పిలిస్తే పలికేవారు లేరు. తర్వాత విరిగిన కాలుతో కోవిక్ మళ్లీ చేరినప్పుడు ఆ కాలును కాపాడే యంత్రం పాతది, ఆగిపోతుంది. యుద్ధం ఖర్చు వల్ల ఆసుపత్రికి డబ్బు రావడం లేదని సమాధానం! ఊళ్లో అమరవీరుల దినం ఊరేగింపులో అతన్ని కారెక్కిస్తారు. చేతులూపుతారనుకున్న జనం గుడ్లప్పగించి చూస్తారు. వేదిక మీద ఉపన్యాసాలు ఇతరులవి. స్లెడ్జ్ పెలెలియులో శవాలను చూసినంత నిదానంగా కోవిక్ ఈ జనాన్ని చూశాడు.

అదే నిదానం పుస్తకమంతటా ఉందా అంటే లేదు. యుద్ధ వ్యతిరేక ఉద్యమంలోకి దిగాక, 1972లో రిపబ్లికన్ పార్టీ మయామీ సభలో అధ్యక్షుడు నిక్సన్ ప్రసంగానికి అడ్డుపడి అరిచిన ఘట్టం దాకా, వాక్యాలు నినాదాల వైపు జారతాయి. కోపం నిజమైనదే, రాత పలచబడుతుంది. మళ్లీ చివరికొచ్చేసరికి గట్టిపడుతుంది, ఎందుకంటే అక్కడ అతను తన తూటాకు తన తోటి కార్పొరల్ చనిపోయిన సంగతి, పల్లెలో పసిపిల్లల మీద తమ దళం కాల్పులు జరిపిన సంగతి చెప్పాలి. ఆ కార్పొరల్ చావు తనవల్లే అని పై అధికారికి చెప్పుకుంటే, అలా అయి ఉండదులే అని కొట్టిపారేసిన తీరు పుస్తకంలో అన్నిటికన్నా భయం పుట్టించే చోటు.

ఆలివర్ స్టోన్ 1989 సినిమాలో కోవిక్ ఆ కార్పొరల్ ఇంటికి వెళ్లి తల్లిదండ్రుల ముందు తప్పు ఒప్పుకుంటాడు. అది పుస్తకంలో లేదు, జరగనూ లేదు. తెరకు ఊరట కావాలి, కల్పించుకుంది. 2010 'ది పసిఫిక్' ధారావాహిక కూడా స్లెడ్జ్ వేట, కాలేజీ గుమాస్తా ఘట్టాలను ఆఖరి భాగంలో పెట్టి ఇంటికొచ్చిన కథను పూర్తిచేసింది. కల్పన కాదు కనుక ఇది కొంత నయం. అయినా స్లెడ్జ్ ఖాళీగా వదిలేసిన జాగా ఎంతదో తెర మీద చూసినవారికి తెలియదు.

నన్నడిగితే యుద్ధాల వరస పక్కన పెట్టి పుస్తకాలు వచ్చిన వరసలో చదవమంటాను: ముందు కోవిక్, ఆ తర్వాత స్లెడ్జ్. కుర్రాడు నమ్మిన సినిమా ఎంత అబద్ధమో పెలెలియు రాళ్ల మీద అప్పుడు బాగా తెలుస్తుంది. 'చైనా మెరీన్' రచనగా చప్పనిది. పెకింగ్ వీధుల వర్ణనలు దాటేసినా నష్టం లేదు, చివరి పుటలు మాత్రం వదలొద్దు.