హార్న్‌బీ ఎటు వెళ్ళాడు?

మా ఊరి బస్టాండు ఎదుట ఈ వారం ఒక ఫ్లెక్సీ వెలిసింది. ‘లండన్‌లో ట్రైనింగ్ పొందిన టీచర్లచే స్పోకెన్ ఇంగ్లిష్’. పక్కన టై కట్టుకున్న ఒకాయన నవ్వుతున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన అక్కడ ఏం నేర్చుకున్నాడో, దానివల్ల మన పిల్లలకు ఏం ఒరుగుతుందో అందులో ఒక్క ముక్క లేదు. ఊరి పేరే డిగ్రీ అన్నమాట.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత గొడవ తెలిసిందే. ఇంగ్లిష్ బాగా చెప్పాలంటే ఇంగ్లండులో పుట్టాలి, లేదంటే అక్కడి నీళ్ళైనా తాగి రావాలి అనే నమ్మకం నాకు గిట్టదు. 1961లో ఉగాండాలోని మకెరెరెలో జరిగిన కామన్‌వెల్త్ సదస్సు ఈ నమ్మకానికి రాజముద్ర వేసిందని భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో రాసిన పుస్తకంలో ఏకిపారేశాడు. అయినా మన ఫ్లెక్సీల మీద ఆ ముద్ర చెక్కుచెదరలేదు. ఆ సదస్సుకు మూడేళ్ళ ముందే, 1958లో, హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. తరవాత అదే సీఫెల్ అయింది, ఇప్పుడు ఇఫ్లూ. ఇంగ్లిష్ ఎలా చెప్పాలో నేర్పే బడి హైదరాబాదు తార్నాక దాకా వచ్చాక ఇంక వీసా ఎందుకు?

పైగా నేను వెళ్ళొచ్చిన బాపతే. ఉపకార వేతనం దొరికి ఉత్తర ఇంగ్లండులోని ఒక యూనివర్సిటీలో చదివాను. మొదటివారమే చేతికిచ్చిన పుస్తకాల జాబితాలో ఎన్.ఎస్. ప్రభు పేరుంది. 1979 నుంచి 1984 దాకా ఆయన నడిపిన బెంగళూరు ప్రాజెక్టు గురించి అక్కడ పూసగుచ్చినట్టు చెప్పారు. గ్రామర్ పాఠాలు పక్కనపెట్టి, పిల్లల ముందు రైల్వే టైంటేబుల్ పెట్టి, మ్యాపులు పెట్టి లెక్క తేల్చమంటారు. తేల్చే గొడవలో పడి పిల్లలు తమకు తెలియకుండానే భాషను పట్టుకుంటారు. ఇక్కడ నేను యాక్టివ్ వాయిస్‌ను పాసివ్ వాయిస్‌లోకి మార్పించి అరిగిపోతున్న రోజుల్లో, సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్ళో ఇదంతా జరిగింది. ఆ సంగతి తెలుసుకోవడానికి నేను సముద్రాలు దాటాను.

అక్కడి నుంచి నేను తెచ్చుకున్నది మరొకటి ఉంది. ఒకరోజు లెక్చరర్ ఒకరు క్లాసులోకి వస్తూనే హంగేరియన్‌లో మొదలుపెట్టారు. ఇంగ్లిష్ ముక్క లేదు. బొమ్మలు చూపిస్తారు, ఏదో అంటారు, మమ్మల్ని అనమంటారు. ట్రైనీలకు ఇలా తెలియని భాషలో ఒక పాఠం చెప్పడం టీచర్ ట్రైనింగుల్లో మామూలేనని నాకు తరవాత తెలిసింది. జపాను, సూడాను, గ్రీసు టీచర్లం అక్కడ ఉన్నాం. అందరం మా మా బళ్ళలో పేరున్నవాళ్ళమే. కాసేపటికే అందరి తలలూ డెస్కుల మీదికి వంగాయి. నేనైతే పెన్ను పడిపోయిందన్న వంకతో బెంచీ కిందికి దూరాను. తీరా నన్నే అడిగారు. ఏదో అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఒకటో తరగతి నుంచి ముందు బెంచీ వదలనిదాన్ని, ఆఖరి బెంచీ నుంచి బోర్డు ఎలా కనపడుతుందో ఆ రోజే చూశాను.

పక్కనున్న జపాన్ ఆవిడ నా చెవిలో ఒకే ఒక్క మాట అర్థం చెప్పింది, ఇంగ్లిష్‌లో. ప్రాణం లేచొచ్చింది. క్లాసులో తెలుగు వినపడితే ఫైను వేసే స్కూళ్ళంటే నాకు మంట అని మీకు తెలుసు. ఆ మంటకు పుట్టిల్లు ఆ క్లాసే. ఎనిమిదో తరగతి పిల్లాడు పక్కవాణ్ణి ‘ఏంట్రా అంటే?’ అని గుసగుసగా అడిగితే అది అల్లరి కాదని నాకు ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పలేదు.

ఇంతకీ హార్న్‌బీ. మన ఇళ్ళల్లో అట్ట ఊడిపోయి రబ్బరు బ్యాండుతో నిలబడే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలపురుషుడు. 1924లో ఆయనా పరాయి దేశం వెళ్ళాడు. జపానులో క్యుషు దీవిలోని ఓయిటాలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పమని పిలిచారు. తీరా వెళితే ఆ పిల్లలకు కావలసింది సాహిత్యం కాదు, భాష అని తేలింది. వాళ్ళ తప్పుల మధ్య కూర్చుని, మరో ఇద్దరితో కలిసి ఆయన తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలోనే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తీసుకున్నారు. ఏ నామవాచకానికి బహువచనం రాదో, ఏ క్రియ పక్కన ఏది కూర్చోవాలో ఆ నిఘంటువు చెబుతుంది. ‘ఫర్నిచర్స్’ అనకూడదని ఇంగ్లండులో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గుర్తు పెట్టాలని తట్టడానికి ఆయన జపాను పిల్లల పక్కన కూర్చోవాల్సి వచ్చింది. డిక్షనరీ డబ్బులతో 1961లో ఒక ట్రస్టు పెట్టి, ఇతర దేశాల టీచర్లు బ్రిటన్‌లో చదువుకునే దారి వేశాడు. మహానుభావుడే. కానీ తను నడిచిన దారికి ఎదురుదారి వేశాడేమోనని నాకు చిన్న అనుమానం.

ఎందుకంటే బ్రిటన్‌లో మనకు పని నడిచిపోతుంది. యార్క్‌షైర్ బస్సు డ్రైవరు ఆడా మగా తేడా లేకుండా అందర్నీ ‘లవ్’ అని పిలుస్తుంటే నాలుగు రోజులు కంగారుపడతాం. తరవాత టికెట్టు తీసుకుని కూర్చుంటాం. మిగిలిన ఏడాదంతా మనకొచ్చిన భాషలోనే మనం మార్కులు తెచ్చుకుంటాం.

టీచరును తనకు భాష రాని చోటికి పంపాలని నేనంటే, ‘అలాగైతే విమానం దేనికి, పాడేరు ఏజెన్సీలో కువి భాష మాట్లాడే పిల్లలున్న బడికి వెయ్యండి, సరిపోతుంది’ అన్నాడు ఒక మిత్రుడు. వాదన బాగానే ఉంది, నాకూ మొదట నచ్చింది. కానీ అక్కడ సారు సారే. సంతలో ఆయన తెలుగులో బేరమాడితే అవతలివాళ్ళే తంటాలుపడి తెలుగులో జవాబు చెబుతారు. భాష రాని కష్టం ఆయనది కాదు, పిల్లలది.

కాబట్టి టీచర్లు విదేశాలకు వెళ్ళాల్సిందే. లండన్ వద్దు. ఓయిటాకో హనోయికో పంపండి, మందుల షాపులో కడుపునొప్పి ఎటువైపో చేతులతో చూపించుకోనివ్వండి. ఆ ఊరి భాష ఓనమాల దగ్గర్నుంచి నేర్పించి, చివర్లో మూడు గంటల పరీక్ష పెట్టండి. వచ్చిన మార్కులు ఆ టీచరు పనిచేసే బడి నోటీసు బోర్డు మీద, పిల్లల మార్కుల పక్కనే అంటించాలి.